తెరిచిన బీరువా

ఏ వృత్తిలోనైనా ఆ వృత్తివారందరూ అప్పుడప్పుడు ఒకచోట సమావేశమై తమ సాధకబాధకాలను చర్చించుకోవడం పరిపాటి. వైద్యులకు, ఉపాధ్యాయులకు, న్యాయవాదులకు సదస్సులు జరుగుతాయని అందరికీ తెలుసు. కాని పిల్లలకు పుస్తకాలిచ్చేవారికి కూడా సదస్సు ఉంటుందని, అందుకోసం రెండు రోజులు ఊరు విడిచి వెళుతున్నానని 2008 నవంబరులో నేను చెప్పినప్పుడు ఆలేరులో చాలామందికి ఆశ్చర్యం కలిగింది. "పుస్తకం ఇచ్చుడు, మల్ల తీస్కొనుడు. గింత పనికి సభ ఎందుకమ్మా?" అని మా వీధి పెద్ద ఒకాయన అడిగారు. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. గ్రంథపాలకుల పని బయటివారికి అంతకు మించి కనిపించదు. ఆ కనిపించని పని ఏమిటో, దానిని నేను ఎక్కడ, ఎవరి వద్ద నేర్చుకున్నానో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆలేరు హైదరాబాదు నుంచి వరంగల్లు వెళ్లే దారిలో, భువనగిరికీ జనగామకూ నడుమ ఉన్న పట్టణం. ఆనాడు నల్లగొండ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. చేరువలోనే ప్రాచీన జైన క్షేత్రమైన కొలనుపాక ఉంది. యాత్రికులకు ఈ ప్రాంతం కొలనుపాక వల్ల, యాదగిరిగుట్ట వల్ల తెలుసు. ఇక్కడ పుట్టి పెరిగిన మాకు మాత్రం మగ్గం చప్పుడు వల్ల తెలుసు. చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో కుటుంబాలకు చేనేతే జీవనాధారం. పోచంపల్లి తరహా చీర నేయాలంటే రంగులద్దడానికి ముందు దారాన్ని అర్ధచంద్రాకారపు చట్రం మీద మేకుల చుట్టూ తిప్పాలి. దీనినే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేతిని దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ పని ఇంటి ఆడవారిదే. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు; 2017లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. అయితే నేను చెబుతున్న రోజుల్లో ఆ యంత్రం ఇంకా అన్ని ఇళ్లకూ చేరలేదు. తల్లి ఆసు పోస్తుంటే పిల్లలు కండెలు చుట్టేవారు. ఆడపిల్లలు చంటిపిల్లలను ఎత్తుకునేవారు.

అటువంటి కుటుంబాలుండే ఒక వీధిలో, కొందరు పెద్దలు సంఘంగా ఏర్పడి, రెండు గదుల ఇంట్లో బాలల గ్రంథాలయం నెలకొల్పారు. గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు చదివిన నన్ను నిర్వహణకు నియమించారు. పుస్తకాలన్నీ దాతలిచ్చినవే. నేషనల్ బుక్ ట్రస్టు వారి బొమ్మల పుస్తకాలు, చందమామ, బాలమిత్ర పాత సంచికలు, జీవిత చరిత్రలు, జానపద కథలు ఉండేవి. వాటన్నింటినీ రెండు ఇనుప బీరువాల్లో పెట్టి తాళం వేయాలని, పిల్లలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు అక్కడే కూర్చుని చదవాలని, ఏ పుస్తకమూ ఇల్లు దాటి వెళ్లరాదని సంఘం నియమం పెట్టింది. ఆ నియమం వెనుక దురుద్దేశం లేదు. ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చిన పుస్తకాలవి. ఒకటి పోతే మరొకటి కొనే శక్తి ఆ పెద్దలకు లేదు.

కాని నాలుగు నుంచి ఆరు వరకు మా వీధి పిల్లలకు తీరిక ఉండేది కాదు. బడి వదలగానే వారికి ఇంటిపని ఉండేది. వచ్చే కొద్దిమందిలో ఆరో తరగతి చదివే ఒక బాలుడు ప్రతిరోజూ వెళ్లేముందు ఒకే మాట అడిగేవాడు: "టీచర్, గీ పుస్తకం ఇంటికి తీస్కపోనా? మా అక్క సదువుతదట." ఆ అక్క ఏడో తరగతితో బడి మానివేసింది. తమ్ముడు చెప్పిన కథల్లో సగం విని, మిగిలిన సగం కోసం ఎదురుచూసేది. పుస్తకం ఆమె వద్దకు వెళ్లలేదు. ఆమె పుస్తకం వద్దకు రాలేదు. మధ్యనున్న దూరం రెండు సందులు మాత్రమే. సంఘం పెద్దలతో రెండుసార్లు ఈ విషయం ప్రస్తావించాను. "బాధ్యత ఎవరిదమ్మా?" అన్న ప్రశ్న దగ్గర మాట ఆగిపోయేది. దానికి సమాధానం చెప్పగల అనుభవం నాకు లేదు. అడిగి తెలుసుకుందామంటే ఆ పని చేసేవారు మరొకరు మా ఊళ్లో లేరు.

అటువంటి సమయంలో విజయవాడలో జరిగే గ్రంథపాలకుల సదస్సుకు ఆహ్వానం అందింది. ఆలేరులో రైలెక్కి కాజీపేట, వరంగల్లు, ఖమ్మం మీదుగా ప్రయాణమయ్యాను. ఆ దారిలోనే మధిర వస్తుంది. నిజాం పాలనలో తెలుగువారి గ్రంథాలయ సభలు 1925లో మధిరలో, 1928లో అప్పటి మా జిల్లాలోని సూర్యాపేటలో జరిగాయి. సభ పెట్టుకోవాలంటే అనుమతి కోసం పడిగాపులు పడవలసిన కాలమది. చదువు ఉర్దూలో సాగుతున్న ఆనాటి హైదరాబాదు రాజ్యంలో తెలుగు పుస్తకం దొరికే చోటు గ్రంథాలయమే. అందుకే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలశాయి. ఆ తరువాత ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క దీపం వెలిగినట్లు గ్రంథాలయాలు ఏర్పడ్డాయి. రైలు మధిరలో ఆగినప్పుడు ఆ సభలకు వచ్చినవారి సంగతి మనసులో మెదిలింది. ఎడ్లబండ్ల మీద, కాలినడకన వచ్చి, పుస్తకాల గురించి మాట్లాడుకుని తిరిగి వెళ్లినవారు వారు. నాకు రైలు ఉంది. అనుమతి అడగవలసిన పని లేదు. అడగవలసిన ప్రశ్న మాత్రం సంచిలో ఉంది.

విజయవాడకు గ్రంథాలయాల చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. అక్కడ 1911లో రామమోహన గ్రంథాలయం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య కృషితో 1914 ఏప్రిల్ 10న అక్కడే చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. గ్రంథాలయ సంఘంగా ఏర్పడి దేశంలో అందరికన్నా ముందు నడిచినవారు తెలుగువారేనని చెప్పుకోవడానికి ఆ సభే ఆధారం. అటువంటి నగరంలో అడుగుపెడుతున్నానన్న సంతోషం నాకు కలిగింది.

సదస్సు మందిరం నిండుగా ఉంది. విశ్వవిద్యాలయాల నుంచి, కళాశాలల నుంచి, జిల్లా గ్రంథాలయాల నుంచి వచ్చినవారు ఎక్కువ. తొలిరోజంతా కంప్యూటరీకరణ మీద ప్రసంగాలు సాగాయి. పుస్తకాల మీద అంటించే గీతల చీటీల గురించి, ఒక గ్రంథాలయపు జాబితాను మరొక ఊరినుంచి చూసే సౌకర్యం గురించి చెప్పారు. అవన్నీ అవసరమైనవే. కాని రెండు బీరువాలు, ఒక చాప, ఒక రిజిస్టరు ఉన్న గ్రంథాలయం నుంచి వెళ్లిన నాకు అవి దూరపు కొండలవలె తోచాయి. బాలల గ్రంథాలయాలకు కేటాయించినది రెండో రోజు భోజనానంతరం ఒక్క గంట. అప్పటికి మందిరంలో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఆ గంటలో మాట్లాడినవారు పదవీ విరమణ చేసిన ఒక గ్రంథపాలకురాలు. తెల్లని నేత చీర, చేతిలో ఒక చిన్న కాగితం. ఆమె ముందుగా మమ్మల్నే ప్రశ్నించారు: "మీ గ్రంథాలయం తెరిచే వేళను నిర్ణయించింది ఎవరు? పిల్లలా, గడియారమా?" ఎవరూ సమాధానం చెప్పలేదు. అప్పుడామె ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలను గుర్తుచేశారు. పుస్తకం ఉన్నది ఉపయోగించడానికే. చదివే ప్రతివారికీ తగిన పుస్తకం దొరకాలి. ప్రతి పుస్తకానికీ దానిని చదివేవారు దొరకాలి. పాఠకుల సమయం వృథా కారాదు. గ్రంథాలయం నిత్యం పెరిగే ప్రాణి. ఈ సూత్రాలను కోర్సులో నేను కంఠస్థం చేశాను, పరీక్షలో రాశాను. కాని వాటిని బీరువా తాళానికి అన్వయించి చెప్పగా వినడం అదే మొదటిసారి. మధ్యయుగాల ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టివేసేవారని, గొలుసు పోయి తాళం వచ్చినంత మాత్రాన పుస్తకానికి స్వేచ్ఛ వచ్చినట్లు కాదని ఆమె అన్నారు.

తరువాత ఆమె అమెరికాలోని న్యూయార్క్ నగర గ్రంథాలయం గురించి చెప్పారు. అక్కడ 1906లో బాలల విభాగాల బాధ్యత స్వీకరించిన యాన్ కరోల్ మూర్ పిల్లలకు పుస్తకాలను ఇంటికిచ్చే పద్ధతిని పెంపొందించారు. వలస వచ్చిన కార్మికుల బిడ్డలు ఆ గ్రంథాలయాలకు వచ్చేవారు. పిల్లలు ఒక పెద్ద నల్లని పుస్తకంలో తమ పేరు తామే రాసి, పుస్తకాలను గ్రంథాలయంలోనూ ఇంట్లోనూ జాగ్రత్తగా చూసుకుంటామని మాట ఇచ్చేవారు. ఆ మాటే వారి హామీ. "పిల్లవాడి సంతకానికి విలువ ఇచ్చి చూడండి. ఆ సంతకానికి తగినట్లు నడుచుకోవడం వాడే నేర్చుకుంటాడు" అని చెప్పి ఆమె ప్రసంగం ముగించారు. "బాధ్యత ఎవరిది?" అన్న మా సంఘం ప్రశ్నకు నాకు అక్కడ సమాధానం దొరికింది. బాధ్యత బిడ్డది కావచ్చు. ఆ బాధ్యతను అప్పగించే ధైర్యం మాత్రం పెద్దలది కావాలి.

గంట ముగిసింది, మందిరంలో మరొక సమావేశం మొదలైంది. పిల్లల గ్రంథాలయాల నుంచి వచ్చినవాళ్లం ఎనిమిదిమందిమి వెలుపలి వరండాలో మెట్ల మీద కూర్చున్నాం. నిజమైన సదస్సు నాకు ఆ మెట్ల మీదనే జరిగింది. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక సోదరి తమ ఊరిలో అరలను పిల్లల ఛాతీ ఎత్తుకు మించకుండా వడ్రంగి చేత చేయించిన సంగతి చెప్పారు. చేతికందని పుస్తకం పిల్లలకు లేనట్లే కదా! శ్రీకాకుళం ప్రాంతపు మిత్రుడు ఒకరు వర్గీకరణ సంఖ్యలకు బదులు రంగు కాగితాలు అంటించే పద్ధతి వివరించారు. జంతువుల కథలకు ఆకుపచ్చ, జీవిత చరిత్రలకు ఎరుపు, విజ్ఞానానికి నీలం. అక్షరాలు రాని బిడ్డ సైతం తనకు కావలసిన పుస్తకాన్ని తీసి మళ్లీ అదే చోట పెట్టగలదు. మరొకరు వారానికొకసారి కథ చెప్పి, సరిగ్గా ఆసక్తి పెరిగిన చోట ఆపివేస్తారట. మిగిలిన కథ కోసం పిల్లలు ఆ పుస్తకానికి వరుస కడతారట. చిరిగిన పుటలను గంజితో, పలుచని కాగితంతో అతికించే పని పిల్లలకే నేర్పినవారూ ఉన్నారు. అతికించిన చేయి మళ్లీ చింపదని వారి అనుభవం.

నేనూ ఊరికే వినలేదు. ఆంధ్ర ప్రాంతపు మిత్రులు పాతూరి నాగభూషణం 1935లో కాలువల మీద పడవలో నడిపిన గ్రంథాలయం గురించి చెప్పినప్పుడు, మా నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి గురించి నేను చెప్పాను. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలను స్వయంగా మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. అక్కడ పడవ, ఇక్కడ భుజం. రెండింటి ధర్మమూ ఒక్కటే. పాఠకుడు రాలేనప్పుడు పుస్తకమే బయలుదేరాలి.

చీకటి పడేలోగా మేమందరం కలిసి ఒక తీర్మానం రాశాం. బాలల విభాగాల్లో పుస్తకాలు తాళం లేని అరలలో ఉండాలి. పిల్లల నుంచి ధరావతు అడగరాదు. స్థానికంగా పిల్లలకు తీరిక ఉండే వేళలోనే గ్రంథాలయం తెరవాలి. ఇవే అందులోని మూడు అంశాలు. ముగింపు సభలో దానిని చదివే అవకాశం నాకు వచ్చింది. మాట తడబడకుండా చదివాను. చప్పట్లు మోగాయి. తీర్మానాలు ఎవరినీ నిర్బంధించవని, వాటిలో చాలావరకు కాగితాల మీదనే మిగిలిపోతాయని పక్కనున్న ఒక పెద్దాయన నెమ్మదిగా చెప్పారు. అది నిజమే కావచ్చు. అయినా ఆ కాగితపు ప్రతిని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఊరికి వచ్చిన వారానికి సంఘం సమావేశమైంది. తీర్మానం ప్రతిని పెద్దల ముందు ఉంచాను. ఇంతవరకు నేను చెప్పినది ఒక ఉద్యోగిని అభిప్రాయం. ఇప్పుడది ఎన్నో ఊళ్ల అనుభవం. చర్చ చాలాసేపు జరిగింది. "పుస్తకాలు పోతే?" అని కోశాధికారి అడిగారు. "పోయినవాటి లెక్క నెలనెలా మీ ముందుంచుతాను. బీరువాలో ఎవరూ ముట్టకుండా ఉన్నవాటి లెక్క కూడా ఉంచుతాను. రెండూ చూసి మీరే నిర్ణయించండి" అన్నాను. చివరకు అందరికన్నా పెద్దవారైన ఒక నేత కార్మికుడు మాట్లాడారు. "మగ్గం మీద పోగు తెగుతదని నేసుడు ఆపుతమా? తెగిన కాడ ముడి వేస్తం. మూడు నెలలు చూద్దాం" అన్నారు. అలా మూడు నెలలకు అనుమతి లభించింది.

ఒక గట్టి అట్ట రిజిస్టరు కొన్నాను. దాని మొదటి పుటలో, ఈ పుస్తకంలో నా పేరు నేనే రాస్తున్నాను, తీసుకున్న పుస్తకాన్ని భద్రంగా చూసుకుని తిరిగి తెస్తాను అని పెద్ద అక్షరాలతో రాశాను. గ్రంథాలయం వేళలను రాత్రి ఏడు నుంచి తొమ్మిదికి మార్చాం. తొలిరోజు పిల్లలు వరుసగా వచ్చి సంతకాలు చేశారు. కొందరు పేరుతోపాటు ఇంటిపేరు, తరగతి, తండ్రి పేరు కూడా రాశారు. ఎవరూ అడగకపోయినా అంత శ్రద్ధగా రాయడం చూస్తే, తమను నమ్మి ఒక బరువు అప్పగించారన్న సంగతి వారికి అర్థమైనట్లే తోచింది. ఆ ఆరో తరగతి బాలుడు సంతకం చేసి రెండు పుస్తకాలు తీసుకున్నాడు. ఒకటి తనకు, ఒకటి అక్కకు.

పుస్తకాలు తిరిగి రావడం మొదలైంది. కొన్నింటికి పసుపు మరకలు అంటాయి. ఒకదాని అట్ట ఊడింది. చాలా పుస్తకాల పుటల నడుమ రంగు దారపు ముక్కలు కనిపించాయి. చదవడం ఆపిన చోటు గుర్తుండడానికి పిల్లలు కండెల నుంచి తెగిన పోగులను అలా పెట్టుకున్నారు. మూడు నెలల తరువాత లెక్క చూస్తే నాలుగు పుస్తకాలు రాలేదు. వాటిలో మూడు మరుసటి నెలలో వచ్చాయి. ఒకటి ఎప్పటికీ రాలేదు. ఎవరూ ముట్టని పుస్తకాల జాబితా మాత్రం మూడో వంతుకు తగ్గింది. సంఘం రెండు లెక్కలూ పరిశీలించి బీరువాల తాళాలు శాశ్వతంగా తీసివేసింది.

కొన్నాళ్లకు ఆ అక్క స్వయంగా వచ్చింది. చంకలో చెల్లెలు ఉంది. గడప వద్దనే నిలబడి, "నా పేరు నేను రాయొచ్చా అక్కా?" అని అడిగింది. తమ్ముడి పేరు మీద అంతవరకు ఎన్ని పుస్తకాలు చదివిందో రిజిస్టరు చెబుతూనే ఉంది. అయినా తన పేరు తాను రాయాలన్నది ఆమె కోరిక. మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. ఆ తరువాత రెండేళ్లకు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్షకు కూర్చుంది. అదంతా గ్రంథాలయం వల్లనే జరిగిందని నేను చెప్పను; ఆమె పట్టుదల ఆమెది. కాని పుస్తకం ఆమె ఇంటి గడప దాటిన రోజు నాకు తెలుసు.

విద్యార్థులారా! వృత్తి సదస్సులను మనం సాధారణంగా ఉపన్యాసాలతో, సన్మానాలతో, గ్రూపు ఫోటోలతో గుర్తుపెట్టుకుంటాం. వాటి అసలు ప్రయోజనం వేరు. చిన్న ఊళ్లలో ఒంటరిగా పనిచేసేవారు తమ ఇబ్బంది తమ ఒక్కరిదే కాదని అక్కడ గ్రహిస్తారు. ఒకరి ఊరిలో పరిష్కారమైన చిక్కు మరొకరి ఊరికి దారి చూపుతుంది. ఒంటరిగా అడిగినప్పుడు వినిపించని మాట పదిమంది కలిసి అడిగినప్పుడు వినిపిస్తుంది. 1914లో బెజవాడలో కూడినవారికీ, మధిర, సూర్యాపేట సభలకు వచ్చినవారికీ ఈ సంగతి తెలుసు.

మన రాష్ట్రంలో గ్రంథాలయాలు దయాధర్మాల మీద మాత్రమే ఆధారపడినవి కావు. 1960లో వచ్చిన గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా ప్రజలే చెల్లిస్తూ వచ్చారు. నేత కార్మికుని ఇంటి పన్నులోనూ ఆ పైసలు ఉన్నాయి. కాబట్టి ప్రజా గ్రంథాలయంలోని ప్రతి పుస్తకం మీదా అతని బిడ్డకు హక్కు ఉంది. ఏటా నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. బాలల దినోత్సవమూ ఆనాడే. ఈసారి ఆ రోజున మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లండి. పిల్లల పుస్తకాలు ఉన్న అర ముందు ఒక అయిదేళ్ల బిడ్డను నిలబెట్టండి. ఆ బిడ్డ చేయి పుస్తకానికి అందితే అక్కడి గ్రంథపాలకులకు నమస్కరించి రండి. అందకపోతే ఎందుకు అందలేదని మర్యాదగా అడగండి. అలా అడిగేవారు ఉన్నంతకాలం గ్రంథాలయం పెరుగుతూనే ఉంటుంది.